గొంతు చేరింది, దాచేదెవరు?

నౌపడలోనో పలాసలోనో రైలెక్కి దూరదేశం పనులకు పోవడం శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానానికి కొత్త కాదు. చదువు రాని తల్లి మాట వలసపోయిన కొడుక్కి చేరాలంటే ఒకప్పుడు ఉత్తరం రాసిపెట్టే మనిషి కావాలి. అతను “ఇచ్చట మేమంతా క్షేమం” అని మొదలుపెట్టి, ఆమె యాసను పుస్తకాల భాషలోకి దిద్దేవాడు. ఇంటి గుట్టు కూడా అతని చెవిన పడేది. సామాజిక మాధ్యమాలు తెచ్చిన మార్పు అనగానే వేగం గురించి చెబుతాం. వేగం మామూలు ఫోనుతోనే వచ్చింది. 2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ మొదలయ్యాక జరిగింది వేరు. “జీడితోటంతా పడిపోనాది, ఏటి సేత్తాం?” అన్న మాట ఎవరి దిద్దుబాటూ లేకుండా చెన్నైలో ఉన్న కొడుక్కీ, గల్ఫ్‌లో ఉన్న అల్లుడికీ ఒకేసారి చేరుతోంది. మళ్లీ మళ్లీ వినడానికీ ఉంటోంది.

ఇదే మాధ్యమం పుకార్లను మోయలేదా అంటే, మోసింది. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వదంతులు ప్రాణాలు తీశాకే, 2018 జూలైలో మన దేశంలో ఫార్వర్డులకు పరిమితి పెట్టారు. అయితే ఊరూపేరూ లేని ఫార్వర్డూ, తెలిసిన గొంతూ ఒకటి కావు. గొంతుకు మనిషి ఉంటాడు, నిలదీసి అడగొచ్చు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటినప్పుడు కరెంటూ, సెల్ టవర్లూ పోయి, చెప్పుకోవలసిన ఊళ్లే మూగబోయాయి. నిజమే. ఆ లోపం టవర్లది, కరెంటుది; వాటిని నిలబెట్టుకోవాలి గాని, వచ్చిన గొంతును తక్కువ చెయ్యకూడదు.

అసలు నష్టం మరోచోట ఉంది. ఉత్తరం ట్రంకుపెట్టెలో ఏళ్ల తరబడి మిగిలేది. వాయిస్ మెసేజ్ ఫోను మారిస్తే పోవచ్చు, మెమరీ నిండితే మనమే చెరిపేస్తాం. కొబ్బరితోటలు కూలడం, కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరగడం వంటి ఉద్దానం చరిత్ర చాలావరకు ఈ గొంతుల్లోనే నడుస్తోంది. అచ్చయిన కథలు చెదిరిపోకూడదని 1997లో కథారచయిత కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో కథానిలయం నెలకొల్పారు. ఆ శ్రద్ధ ఇప్పుడు గొంతులకూ కావాలి. ఇవి సొంత మాటలు కదా అంటారు. అందుకే ఇష్టపడి ఇచ్చినవారివే, పేరు వద్దంటే పేరు లేకుండానే దాచాలి. ఆ పని మన కళాశాలల తెలుగు శాఖలు మొదలుపెట్టాలి. యాసను కథలో చూసి మెచ్చుకునే మనం, ఆ యాస సొంతదారులు స్వయంగా చెప్పుకున్న దాన్ని పోగొట్టుకుంటే తప్పు యంత్రానిది కాదు, మనదే.