స్మారకానికి చోటెక్కడ?

నోయిడా: సైనిక విమానం కూలిన చోట, దారి పక్కన ఒక శిలాఫలకం ఉంటే బాటసారులు క్షణమాగి పేర్లు చదువుతారు. కూలిన చోటు సముద్రగర్భమైతే ఆ ఫలకం ఎక్కడ నిలవాలి?

2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 బంగాళాఖాతంపై అదృశ్యమైంది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపోకు చెందిన పౌర ఉద్యోగులు. విస్తృతంగా గాలించినా నాడు ఆచూకీ లభించలేదు. ఏడేళ్లు దాటాక, 2024 జనవరిలో రక్షణశాఖ శకలాల గుర్తింపును ప్రకటించింది. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున మానవరహిత జలాంతర వాహనం వాటిని చిత్రీకరించింది.

అక్కడ పుష్పగుచ్ఛం ఉంచడం అసాధ్యం. నోయిడా ఇందుకొక మార్గం చూపుతోంది. సెక్టార్ 29లోని షహీద్ స్మారక్ ఏ యుద్ధభూమిలోనూ లేదు. అమరుల కుటుంబాలు నివసించే నగరంలోనే ఉంది. 1999లో కార్గిల్‌లో నేలకొరిగిన కెప్టెన్ విజయంత్ థాపర్ పేరు ఇక్కడి రహదారికి పెట్టారు. స్మృతికి మరణస్థలమే ఆధారం కానక్కర్లేదన్నది దీని సారాంశం.

విశాఖకూ ఇదే వర్తిస్తుంది. అయితే సైనిక స్మారకాల సంప్రదాయం ప్రధానంగా యూనిఫాం ధరించిన వారిది. ఆ ఎనిమిది మంది యూనిఫాం ధరించలేదు. కానీ వారూ రక్షణశాఖ విధుల మీదే అదే విమానం ఎక్కారు. ఫలకమంటూ వెలిస్తే, దానిపై 29 పేర్లూ ఒకే వరుసలో ఉండటమే న్యాయం.