బ్రేకులు ఫెయిలైతే జెట్‌ను ఆపేదెవరు? 3 రోజుల్లో 2 ఘటనలు.. తేడా ఒక్కటే!

విమానం నేలను తాకగానే 'హమ్మయ్య' అనుకుంటాం. కానీ చిన్న జెట్‌లో అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఆ సమయంలో బ్రేకు పెడల్ నొక్కినా విమానం ఆగకపోతే? అమెరికాలోని ఫ్లోరిడాలో సరిగ్గా ఇదే జరిగింది. అదీ ఒకే ఎయిర్‌పోర్టులో, మూడు రోజుల తేడాతో రెండుసార్లు!

అసలేం జరిగింది?

2011 అక్టోబర్ 31న కీ వెస్ట్ ఎయిర్‌పోర్టులో గల్ఫ్‌స్ట్రీమ్ జీ150 ల్యాండ్ అయింది. బ్రేకులు పనిచేయలేదని పైలట్లు చెప్పారు. విమానం రన్‌వే దాటి, కంచె కూడా దాటి వెళ్లిపోయింది. లోపలున్న వారికి గాయాలయ్యాయి.

నవంబర్ 3న అదే రన్‌వేపై ఐదుగురితో వచ్చిన సెస్నా సైటేషన్‌కూ బ్రేకులు ఫెయిలయ్యాయి. అది కూడా రన్‌వే దాటేసింది. కానీ కాస్త దూరంలోనే ఆగిపోయింది.

ఎందుకీ తేడా?

రెండో విమానం వెళ్లిన చివర 'ఈమాస్' ఉంది. అంటే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు పరిచిన నేల. విమానం బరువుకు అవి పొడిపొడిగా నలిగిపోతాయి. ఇసుకలో బండి చక్రాలు దిగబడినట్టు, విమానం కూరుకుపోయి ఆగుతుంది. మొదటి విమానం వెళ్లిన వైపు ఆ ఏర్పాటు లేదు.

మరి పైలట్ ఏమీ చేయలేరా?

చేయగలరు. చాలా సైటేషన్ రకాల్లో ఎమర్జెన్సీ బ్రేకు ఉంటుంది. హైడ్రాలిక్స్ పోతే, సీసాలోని నైట్రోజన్ ఒత్తిడితో అది పనిచేస్తుంది. అయితే దానికి యాంటీ స్కిడ్ ఉండదు. గట్టిగా లాగితే టైర్లు పేలొచ్చు. పైగా టైమ్ ఎక్కడిది? గంటకు 200 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 55 మీటర్లు. అప్పట్లో కీ వెస్ట్ రన్‌వే పొడవు సుమారు 1,460 మీటర్లే. 'బ్రేకు పడట్లేదు' అని గుర్తించేలోపే వందల మీటర్లు అయిపోతాయి. చాలా చిన్న జెట్‌లకు ఇంజిన్‌తో వెనక్కి నెట్టే రివర్సర్లు కూడా ఉండవు.

మనకేంటి సంబంధం?

2023 సెప్టెంబర్ 14న విశాఖ నుంచి వెళ్లిన లియర్‌జెట్ 45, భారీ వర్షంలో ముంబైలో ల్యాండ్ అవుతూ రన్‌వే పక్కకు దూసుకెళ్లింది. అది బ్రేకు ఫెయిల్యూర్ కేసు కాదు. లోపలున్న 8 మందీ బతికారు. కానీ ల్యాండయ్యాక కూడా ముప్పు తొలగిపోదని ఆ ఘటన గుర్తుచేసింది. 2010లో మంగళూరులో 158 మంది, 2020లో కోళికోడ్‌లో 21 మంది ప్రాణాలు కోల్పోయారు. కారణాలు వేరైనా రెండుచోట్లా విమానం రన్‌వే చివర దాటి కిందకు పడిపోయింది.

రన్‌వే స్ట్రిప్ తర్వాత కనీసం 90 మీటర్ల సేఫ్టీ ఏరియా ఉండాలన్నది అంతర్జాతీయ నిబంధన. పెద్ద రన్‌వేలకు 240 మీటర్లు ఉంటే మంచిదని సిఫార్సు. స్థలం లేనిచోట ఈమాస్ ఒక మార్గం.

మన నేతలు, వ్యాపారవేత్తలు చార్టర్ జెట్‌లలో తిరగడం మామూలైపోయింది. 'ఈ ఊరికి రన్‌వే ఉందా?' అని అందరూ అడుగుతున్నారు. 'ఆ రన్‌వే చివర ఏముంది?' అని కూడా అడగాలి. కీ వెస్ట్‌లో రెండోసారి ఐదుగురిని కాపాడింది అదే.