పెట్టె బిగిస్తే సరా?

ఒకప్పుడు ఊరికి కరెంటు వస్తే పండుగ. తర్వాత టెలిఫోను, ఆ తర్వాత టీవీ. ఇప్పుడు అదే వరసలో పల్లె ఇళ్లకు ఇంటర్నెట్టు వచ్చింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడూ ఇస్తామని ప్రభుత్వం ఆనాడు ప్రకటించింది. కరెంటు స్తంభాల మీదుగానే గాజు తీగ లాగి, కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్లకు కలిపారు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ 1500 కోట్ల డాలర్లతో విశాఖలో డేటా కేంద్రం నెలకొల్పేందుకు ఒప్పందం చేసుకుంది.

అంతా సంతోషించదగినదే. కాని పెద్ద కాలువ నిండుగా పారినా, పిల్ల కాలువ పూడిపోతే మడి తడవదు. ఇంటర్నెట్టు విషయంలో ఆ పిల్ల కాలువే ఇంట్లో పెట్టే రూటరు. కె.కోటపాడు పరిసర గ్రామాల వారు దీనిపై శ్రద్ధ వహించడం ఎంతైనా అవసరం.

చాలా ఇళ్లలో జరిగే తంతు ఇది. కుర్రవాడు వస్తాడు. దగ్గరలోని కిటికీలోంచి తీగ దూర్చి, టీవీ వెనుక పెట్టె బిగిస్తాడు. ఇంటాయన ఫోను నంబరునే పాస్‌వర్డుగా పెట్టి, పది నిమిషాల్లో వెళ్లిపోతాడు. పెట్టెలో ఏముందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. వెనుక గదిలో చదువుకునే పిల్లకు పాఠం రాదు. 'నెట్టు బాగాలేదు' అని అందరూ కంపెనీని తిడతారు.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం కష్టం కాదు. పెట్టె పక్కనే నిలబడి ఫోనులో చూడండి. అక్కడ బాగా వచ్చి గదిలో రాకపోతే లోపం పెట్టె పెట్టిన చోటులో ఉంది. పక్కన నిలబడినా రాకపోతే ఆపరేటరును అడగవలసిందే. పెట్టె మీద 'లాస్' అనే దీపం ఎర్రగా వెలిగితే తీగలో వెలుగు రావడం లేదని అర్థం. అప్పుడు స్విచ్చి ఎన్నిసార్లు ఆర్పి వేసినా ప్రయోజనం లేదు.

రూటరును ఇంటి నడుమ, తలకు కాస్త ఎత్తున, బాహాటంగా ఉంచాలి. ఇనుప బీరువాలో, ఫ్రిజ్ పక్కన, టీవీ వెనుక ఉంచరాదు. పాత మట్టి గోడల ఇళ్లలో తరంగాలు సులువుగా దాటవు. పెట్టెలో సాధారణంగా రెండు రకాల తరంగాలు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, దూరం పోదు. వెనుక గదికి మొదటిదే వాడుకోవాలి. అదీ చాలకపోతే తీగ లాగి రెండో రూటరు పెట్టుకోవడం మేలు. గాజు తీగను మాత్రం మడత పెట్టరాదు. పిడుగులు పడే వేళ అడాప్టరు ఊడదీయడం మంచిది.

ఇంతకంటే ముఖ్యమైనది భద్రత. రూటరుకు తాళాలు రెండు. ఒకటి వైఫైలో చేరడానికి, రెండోది పెట్టె లోపలి అమరికలు మార్చడానికి. మొదటిదాన్ని మార్చి రెండోదాన్ని కంపెనీ పెట్టినట్టే వదిలేస్తే, వీధి తలుపుకు గొళ్లెం పెట్టి దొడ్డి తలుపు తెరిచి ఉంచినట్టే. పాస్‌వర్డులో పన్నెండు అక్షరాలకు తగ్గకుండా ఉండాలి. ఫోను నంబరు, పిల్లల పేరు పెట్టరాదు. అమరికల్లో డబ్ల్యుపిఎ2 గాని డబ్ల్యుపిఎ3 గాని ఎంచుకోవాలి. వెనుక ఉండే చిన్న రంధ్రంలో పుల్ల గుచ్చితే అమరికలన్నీ చెరిగిపోవచ్చు, కనుక ఆపరేటరును అడగకుండా ముట్టుకోరాదు.

మన వైఫైలో చొరబడి ఎవడైనా ఎవరినైనా మోసగిస్తే, దర్యాప్తు ముందుగా వచ్చేది కనెక్షను ఎవరి పేర ఉందో ఆ గడపకే. నిర్దోషియైనా స్టేషను చుట్టూ తిరగక తప్పదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు కాకుండా ముందే మేల్కొనడం సబబు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలన్న సంగతీ ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

పెట్టె బిగించిన వారు రెండు పాస్‌వర్డులూ కాగితం మీద రాసి, ఇంటివారి చేతనే మార్పించి, వెనుక గదిలో కూడా పని చేస్తున్నదని చూపించి వెళ్లాలి. ఆ తర్వాతే డబ్బు చేతిలో పెట్టాలి. గ్రామ సచివాలయ సిబ్బంది నెలకో పూట గ్రామస్థులకు, ముఖ్యంగా మహిళలకు, ఈ పని చేసి చూపితే ఖర్చేమీ కాదు. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లవారు పొరుగువారికి సాయపడవచ్చు. నెలనెలా డబ్బు కట్టేది మనం. మన ఇంటి తాళం చెవి మన దగ్గరే ఉండాలని అడగడంలో మొహమాటం అనవసరం.