వైకుంఠపాళిలో పేరులేని పాము

అమెరికా రచయిత లవ్‌క్రాఫ్ట్ 1928లో ప్రకటించిన ‘ది కాల్ ఆఫ్ క్తుల్హు’ వంటి కథల ఛాయలో 1987లో ‘ఆర్కామ్ హారర్’ అను పలక ఆట వెలువడినది. నేడు ఆ ఆటలోని లోకమునే రంగముగా చేసికొని నవలలు వచ్చుచున్నవి. అందలి భయము దయ్యముల భయము కాదు. ఈ విశ్వమునకు మానవునిపై పగయు లేదు, దయయు లేదు. ఆ యెరుకయే భయము.

మన విద్యార్థులు ఇందులకు పరదేశపు సముద్రభూతములను అరువు తెచ్చుకొననక్కరలేదు. వైకుంఠపాళి చాలును. అందు పాములు దోషములకును, అసురులకును గుర్తులు. నిచ్చెనలు సుగుణములకు గుర్తులు. పటము గీసినవాడు ధర్మమునే గీసినాడు. కాని ఆడువాడు పాపము చేసి పాము నోట పడుచున్నాడా? గవ్వలు పడినట్లు పడుచున్నాడు! పరమపదము కనుచూపు మేరలో నుండగా పెద్దపాము మ్రింగిన పిల్లవాని ముఖము చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పవలసిన పని లేదు. పటము చెప్పుదానికిని, గవ్వలు చేయుదానికిని నడుమనున్న ఆ యెడమే కథకు చోటు.

కామవరపుకోట చేరువ గుంటుపల్లిలో క్రీస్తుకు పూర్వమే కొండను తొలిచి వర్తులాకారమున మలచిన బౌద్ధ చైత్యము కలదు. చూడబోయిన బడిపిల్లలు అచ్చటి చల్లని చీకటిలో పటము పరచిరనుకొందము. నిన్నటివరకు లేని పాము ఒకటి అందు కనబడినది. అది ఏ దోషమునకు గుర్తో ఉపాధ్యాయునకును తెలియదు. (కథకుడును చెప్పరాదు, చెప్పెనా, కథ చెడును.) ఆట విడిచి లేవవలెనన్న తలపు ఒక్కరికిని రాలేదు. గవ్వలు చేతులు మారుచున్నవి.