ఖాళీలు లెక్కపెట్టే పెద్దమనుషులు

ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ల్యాబ్ రికార్డు గుర్తుండే ఉంటుంది. కుడి పక్క గీతల పేజీ, ఎడం పక్క తెల్ల పేజీ. బొమ్మ పెన్సిల్‌తోనే వెయ్యాలి, హెడ్డింగు కింద గీత స్కేలుతోనే కొట్టాలి, మార్జిను ఇంతే ఉండాలి. మా లెక్చరరు ఒకాయన గీత వంకరగా ఉంటే రికార్డు తీసి బల్ల మీదకి విసిరేవాడు. లోపలి రీడింగులు పక్కవాడి దగ్గర ఎక్కించినవని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. వాటి జోలికి ఎవరం పోయేవాళ్లం కాదు.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత డాలస్‌లో కూచుని, ముక్కూ మొహం తెలియని ఒక కుర్రాడి ప్రోగ్రాము మీద నేనూ అదే పని చేశాను. కాబట్టి ఈ తిట్లు ముందు నాకు, ఆ తర్వాత నాలాంటి వాళ్లందరికీ.

ప్రోగ్రాములు రాయనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఓపెన్ సోర్స్ అంటే లోపలి రాతంతా అందరికీ కనబడేలా పెట్టిన సాఫ్ట్‌వేరు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని అడుగున నడుస్తున్న లినక్స్ కెర్నల్ అలాంటిదే. ఎవరైనా ఒక మార్పు రాసి పంపవచ్చు. దాన్ని ప్యాచ్ అంటాం. చూసి, బాగుంటే కలుపుకునేవాళ్లు రివ్యూయర్లు, మెయింటెయినర్లు. దేశానికొకడు రాసిందంతా ఒకే చేతి రాతలా ఉండాలి కదా, అందుకని ప్రతి ప్రాజెక్టుకీ కోడింగ్ స్టైల్ అని ఒక పద్ధతుల పత్రం ఉంటుంది. వరసని ఎంత లోపలికి జరపాలి, బ్రాకెట్టు ఎక్కడ తెరవాలి, వరస ఎంత పొడుగుండాలి, పేర్లు ఎలా పెట్టాలి, ఇలాంటివి.

ఏ గుడి ఆచారం ఆ గుడిదే. లినక్స్ కెర్నల్‌లో మెట్టుకి ఎనిమిది గళ్ల ట్యాబు. పైథాన్ వాళ్లు 2001లో రాసుకున్న పెప్ 8 అనే పత్రం నాలుగు ఖాళీలంటుంది. గ్నూ వాళ్లకి రెండే. లినక్స్ పత్రం మొదట్లోనే, గ్నూ పద్ధతుల పత్రాన్ని ప్రింటు తీసి, చదవకుండా తగలబెట్టమని ఒక సలహా ఉంది. వేళాకోళానికే లెండి. అయినా నిలువు నామమా అడ్డ నామమా అని తలలు పగలగొట్టుకున్నవాళ్ల మనవలం, మనకి ఇందులో వింతేముంది!

ఈ పద్ధతులు దండగని నేననటం లేదు. "పనిచేస్తోంది కదండీ, ఎలా రాస్తే ఏం?" అనేవాళ్లు మన కన్సల్టింగ్ కంపెనీల్లో కోకొల్లలు. వాళ్లకి 2014 ఫిబ్రవరి నాటి ఆపిల్ కథ చెప్తుంటాను. ఐఫోను అవతలి సర్వరుతో రహస్యంగా మాట్లాడుకోవటానికి వాడే కోడులో, ఒక షరతు కింద "గోటూ ఫెయిల్" అనే వరస పొరపాటున రెండుసార్లు పడింది. మొదటి వరస షరతుకి కట్టుబడింది. రెండోదానికి ఏ కట్టూ లేదు, ప్రతిసారీ అమలవుతుంది. కానీ రెంటినీ ఒకే మేరకి లోపలికి జరిపి రాశారు. చూసేవాళ్ల కంటికి రెండూ షరతు లోపలే ఉన్నాయి. కంప్యూటరుకి కంటితో పనిలేదు. సర్వరు సంతకాన్ని సరిచూడాల్సిన మెట్టు దాటేసి, అంతా బాగానే ఉందని చెప్పేసింది. బ్యాంకు సైటు పేరు చెప్పుకుని ఎవడు మధ్యలో దూరినా ఫోను నమ్మే పరిస్థితి.

అప్పట్లో చాలామంది, చూశారా, షరతు కింద ఒక్క వరసే ఉన్నా బ్రాకెట్లు పెట్టాలన్న నియమం ఉంటే ఇది జరిగేది కాదన్నారు. నిజమే కావచ్చు. తమాషా ఏమిటంటే, ఒక్క వరసకి బ్రాకెట్లు అక్కర్లేదనేది లినక్స్ కెర్నల్ నియమం! ప్రపంచం సగం దాని మీద నడుస్తోంది. 2016లో వచ్చిన జీసీసీ ఆరో వెర్షన్ ఈ గొడవంతా పక్కనపెట్టి, కంటిని మోసం చేసేలా వరసలు జరిపి ఉంటే తనే హెచ్చరించటం మొదలుపెట్టింది. మనిషి కన్ను జారేచోట యంత్రాన్ని కాపలా పెట్టారన్న మాట. నా వాదన మొత్తానికి ఇదే మూలం, గుర్తుంచుకోండి.

ఎనభై అక్షరాల సంగతీ అంతే. వరస ఎనభై దాటకూడదన్న నియమానికి ముత్తాత ఐబీఎం వాళ్ల 1928 నాటి ఎనభై నిలువు వరసల కార్డు. కార్డులు పోయి టెర్మినళ్లు వచ్చాయి, అవీ పోయి గోడంత మానిటర్లు వచ్చాయి. ఎనభై మాత్రం కదల్లేదు. చివరికి 2020 మేలో లినక్స్ వాళ్లు తమ చెక్‌ప్యాచ్ అనే తనిఖీ ప్రోగ్రాము హెచ్చరించే హద్దుని వందకి జరిపారు. పత్రంలో ఇష్టమైన కొలత ఎనభై అనే ఉంచారు. అంటే తొంభై అక్షరాల వరస రాసినందుకు 2019లో చివాట్లు తిన్నవాడికి, 2021లో ఆ ప్రోగ్రాము అదే వరసకి ఏమీ అనదు. నియమం పెట్టటం తప్పు కాదు. దాన్ని వేదవాక్కుగా చేసి మనుషుల్ని కొలవటం తప్పు.

ఇప్పుడు నా సంగతి.

పగలంతా క్లయింటు కోడు, రాత్రి పిల్లలు పడుకున్నాక ఓపెన్ సోర్స్. మాది చిన్న లైబ్రరీ. పేర్లూ అంకెలూ నిలువు వరసల్లో పట్టికలా సర్దుతుంది, అంతే. ఏడెనిమిది మంది రివ్యూయర్లం, తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. 2017లో గోదావరి జిల్లాల్లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు ప్యాచ్ పంపాడు. వరస వెడల్పుకి మించిన పేర్లని మా లైబ్రరీ మధ్యలో కత్తిరిస్తుంది. ఇంగ్లీషులో ఎక్కడ కోసినా అక్షరం అక్షరంగానే ఉంటుంది. తెలుగులో అలా కుదరదు. "లక్ష్మి" అన్న మాట యూనికోడ్‌లో ఏడు ముక్కలు. అయిదో ముక్క దగ్గర కోస్తే "లక్ష్" మిగులుతుంది. పొల్లు తర్వాత కొయ్యకూడదు, గుణింతపు గుర్తుని హల్లు నుంచి విడగొట్టకూడదు అని రెండు షరతులు చేర్చాడు ఆ పిల్లవాడు. ముప్ఫై వరసలుంటాయేమో మొత్తం.

నేనేం రాశానో తెలుసా? ట్యాబులు వాడావు, ఖాళీలు వాడాలి. సరిచేసి పంపాడు. కామా తర్వాత ఖాళీ లేదు. మళ్లీ పంపాడు. వరస చివర కంటికి కనబడని ఖాళీ మిగిలింది. మళ్లీ. నాలుగోసారి, కమిట్ సందేశం ఆజ్ఞార్థకంలో లేదన్నాను. ప్రతి జవాబూ "రెస్పెక్టెడ్ సర్"తో మొదలయ్యేది, ఆలస్యానికి క్షమించమని ముగిసేది. నాలుగు విడతల్లో ఒక్కసారి కూడా పొల్లు గురించి నేను మాట్లాడలేదు. ఆ గుంపులో పొల్లంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే! అయిదో ప్యాచ్ రాలేదు. మూడు నెలలు ఉలుకూ పలుకూ లేదని నేనే ఆ దస్త్రం మూసేశాను.

ఎందుకలా చేశానని చాలాసార్లు అడుక్కున్నాను. తీరిక లేదు, అది ఒక్కటే కాదు. ఖాళీలు లెక్కపెట్టటం తేలిక. ఆ రెండు షరతులూ అన్ని పేర్లకీ సరిపోతాయో లేదో తేల్చాలంటే ఒక పూట కూచుని ఆలోచించాలి. 1957లో పార్కిన్సన్ అనే ఆయన రాశాడు కదా, కమిటీ అణు రియాక్టరుకి నిమిషాల్లో ఒప్పేసుకుని సైకిళ్ల షెడ్డు దగ్గర ముప్పావు గంట వాదించుకుంటుందని. తెలిసిన చోట అధికారం చూపించటం మనిషి బుద్ధి. నేను చూపించింది అధికారమే, దానికి క్వాలిటీ అని పేరు పెట్టుకున్నాను.

ఈ మాట ఒక పుట్టినరోజు పార్టీలో మా క్లాస్‌మేట్‌తో అంటే వాడు ఒప్పుకోలేదు. "ఒరేయ్, మనం పడలేదా? నా మొదటి ప్యాచ్ తొమ్మిదిసార్లు తిప్పికొట్టారు. అలాగే నేర్చుకున్నాం. నాలుగు సార్లకే పారిపోయేవాడు ఏం నిలబడతాడు?" అన్నాడు. ఈ వాదన నాకు బాగా తెలుసు. మా హాస్టల్లో సీనియర్లు ర్యాగింగ్ చేసేటప్పుడు అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పేవాళ్లు. మేం పడ్డాం, మీరూ పడాలి, అప్పుడే గట్టిపడతారు. దాని మీద 1997లో మన రాష్ట్రం చట్టమే చెయ్యాల్సొచ్చింది. తొమ్మిదిసార్లు తిప్పినా నిలబడ్డ మావాడు కనబడుతున్నాడు, మూడోసారి వెళ్లిపోయినవాళ్లు ఏ పార్టీకీ రారు, వాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. పైగా మావాడికి అప్పుడు చేతిలో ఉద్యోగం ఉంది, ఇంట్లో నెట్ ఉంది. ఆ కుర్రాడు కాలేజీ ల్యాబ్ మూసేలోగా పంపాలి.

వాడి రెండో మాటలో కొంత పస ఉంది. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ పేరుతో నాలుగు మార్పులు పంపినవాళ్లకి టీషర్టు అన్నారు. ఆశపడి ఎక్కడెక్కడివాళ్లో, అందులో మనవాళ్లూ బోలెడుమంది, ఒక మాట చేర్చి, ఒక చుక్క తీసి పంపి మెయింటెయినర్ల ప్రాణాలు తోడేశారు. మన పేర్లు చూస్తేనే ముఖం చిట్లించే రోజులొచ్చాయి. "జల్లెడ లేకపోతే ఎలా?" అంటాడు మావాడు. జల్లెడ ఉండాలి, కాదన్నదెవరు? కానీ టీషర్టు కోసం చుక్క తీసినవాడి ప్యాచ్‌లో ఖాళీలన్నీ సరిగ్గానే ఉంటాయి. ఖాళీల జల్లెడలో వాడు పట్టుబడడు. పట్టుబడేది, కష్టమైన పని తలకెత్తుకుని కామా మరిచిపోయినవాడు.

అందుకని నేననేది ఇది. యంత్రం సరిచెయ్యగల తప్పు గురించి మనిషి నోరెత్తకూడదు. రివ్యూలో ఖాళీలూ బ్రాకెట్లూ మాట్లాడటాన్ని నిషేధించాలి. 2009లో గో భాషని బయటపెట్టినప్పుడే గూగుల్ వాళ్లు గోఫ్‌ఎమ్‌టి అని కోడు సర్దే ప్రోగ్రాము దానితోపాటే ఇచ్చారు. అది సర్దిన తీరు చాలామందికి నచ్చదు, కానీ దాంతో వాదన తెగిపోయింది, ఆ తెగిపోవటం అందరికీ నచ్చింది. పైథాన్‌కి 2018లో బ్లాక్ అనేది వచ్చింది. వరసకి ఎనభై ఎనిమిది అంటుంది, ఎందుకని ఎవరూ ప్రాణం తీయరు. ఇన్నేళ్ల కోడుని ఒక్కసారి సర్దేస్తే ఏ వరస ఎవరు రాశారో చెప్పే చరిత్ర చెరిగిపోతుందని పాతకాపులు భయపెట్టేవాళ్లు. 2019 ఆగస్టులో వచ్చిన గిట్‌లో, ఫలానా సర్దుబాటుని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే వీలు పెట్టారు. ఆ సాకూ పోయింది.

యంత్రం చెయ్యలేనివి ఉన్నాయి. పేర్లు, వ్యాఖ్యలు, సందేశాలు. అక్కడే మనిషి కావాలి, అక్కడే మనం మాట్లాడం. కమిట్ సందేశం "సరిచేశాను" అని కాకుండా, కోడుకి ఆజ్ఞ ఇస్తున్నట్టు "సరిచేయి" అని రాయాలని గిట్ వాళ్ల నియమం. చిన్నప్పటి నుంచీ "దయచేసి పరిశీలించగలరని ప్రార్థన" అని సెలవు చీటీలు రాసిన మనకి, పెద్దల ముందు "చెయ్యి" అని రాయాలంటే చెయ్యి ఆడదు. ఎందుకు అలా రాస్తారో ఒక్క వాక్యం చెప్తే సరిపోయేది. నేను "తప్పు" అన్నాను. పెప్ 8లో ఇంకో మాట ఉంది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు కూడా, తమ భాష రానివాళ్లు ఆ కోడు చదవరని నూటికి నూట ఇరవై పాళ్లు నమ్మకం ఉంటే తప్ప, వ్యాఖ్యలు ఇంగ్లీషులోనే రాయాలని. నాకు అభ్యంతరం లేదు, ఎక్కడివాళ్లయినా చదవాలి కదా. కానీ ఆ బరువు మోసేది ఒక పక్షమే. అరువు భాషలో పొల్లుని వర్ణించటానికి ఆ పిల్లవాడు ఆరు వరసలు తంటాలు పడ్డాడు. ఆ వ్యాఖ్యని దిద్దిపెట్టటం నాకు రెండు నిమిషాల పని.

2019 ఉగాదికి మా ఊరి తెలుగువాళ్ల కార్యక్రమంలో విరాళాలిచ్చినవాళ్ల పట్టిక గోడకి అంటించారు. అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. కళ్లజోడు సర్దుకుని తన పేరు వెతుక్కుని, "ఇదేమిట్రా, నా పేరు విజయలక్ష్ అని వేశారు?" అంది. పట్టిక వేసిన కుర్రాణ్ణి అడిగితే మా లైబ్రరీ పేరే చెప్పాడు.

ఆ రాత్రి మూసేసిన దస్త్రం తెరిచాను. షరతులు రెండూ ఆరేడు వందల తెలుగు పేర్ల మీద నడిపి చూశాను. ఒక్కచోట కూడా తప్పలేదు. వ్యాఖ్య దిద్ది, రచయితగా అతని పేరే ఉంచి కలిపాను. మరుసటి ఏడు మా లైబ్రరీకి బ్లాక్ తగిలించాం. ఊరికే కుతూహలం కొద్దీ అతని మొదటి ప్యాచ్‌ని, నేను వంక పెట్టకముందుదాన్ని, దాని గుండా పంపి చూశాను. ట్యాబులూ, కామాలూ, చివరి ఖాళీలూ అన్నీ సర్దుకోవటానికి సెకను కూడా పట్టలేదు.

ప్యాచ్ కలిపామని అతనికి మెయిలు రాశాను. కాలేజీ ఇచ్చిన అడ్రసు. అలాంటి ఖాతా లేదని తిరిగొచ్చింది.