బ్రేకు ఆపేది చక్రాన్ని... బండిని ఆపేది టైరు!

కారు కొనేటప్పుడు మనం చేసే రీసెర్చ్ మామూలుగా ఉండదు. సన్‌రూఫ్ ఉన్న వేరియంటా, లేనిదా అని ఇంట్లో వారం రోజులు చర్చ. రివ్యూ వీడియోలు ఓ యాభై. అదే ఎస్‌యూవీకి నాలుగైదేళ్ల తర్వాత టైర్లు మార్చాల్సి వస్తే మాత్రం షాపుకెళ్లి "అన్నా, ఏది బాగుంటది?" అని అడుగుతాం. "ఇది వేస్కో తమ్మీ, అందరూ ఇదే తీస్కుంటున్రు" అంటాడు. పది నిమిషాల్లో పని ఖతం.

కానీ ఒక్క విషయం ఆలోచించండి. టన్నున్నర బరువున్న బండి, అందులో అమ్మానాన్న, పిల్లలు, డిక్కీ నిండా లగేజీ... ఇదంతా రోడ్డును తాకేది నాలుగంటే నాలుగే చోట్ల. ఒక్కో చోటు దాదాపు మన అరచేయంత. ఏబీఎస్ అయినా, ఎయిర్‌బ్యాగులైనా ఆ నాలుగు అరచేతుల తర్వాతే. అందుకే ఈ వారం టైర్ల ముచ్చట.

అసలు మార్చాలా, వద్దా?

టైరు గాడుల్లోకి తొంగి చూస్తే అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు కనిపిస్తాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైరబ్బరు అరిగి అరిగి ఆ దిమ్మెలతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. మన దగ్గర కార్లకు చట్టం పెట్టిన కనీస లోతు కూడా అంతే. కొత్త టైరుకి ఇది మామూలుగా 7, 8 మిల్లీమీటర్లుంటుంది.

అయితే చట్టం చెప్పింది ఆఖరి గీత. అక్కడిదాకా ఆగడం తెలివైన పని కాదు. వానలో హైవే మీద వందలో వెళ్తున్నప్పుడు టైరు కిందికొచ్చే నీళ్లను పక్కకు నెట్టేవి ఆ గాడులే. లోతు తగ్గితే నీళ్లు వెళ్లే దారి ఉండదు. టైరు రోడ్డును వదిలి నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగ్ తిప్పినా, బ్రేక్ తొక్కినా బండి మాట వినదు. అందుకే 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే వానాకాలం ముందే మార్చేయడం మేలు.

గాడులు బాగున్నా వయసు చూడాలి. టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2320 అని ఉంటే 2020లో 23వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్లు దాటితే ఏటా ఓసారి తెలిసినవాళ్లకి చూపించాలి. ఎండకి రబ్బరు గట్టిపడి, సన్నటి పగుళ్లు వస్తే ఎంత తక్కువ తిరిగినా మార్చాల్సిందే. పక్క గోడ మీద బుడిపె లేచిందా? అది ఆ రోజే తీసేయండి. లోపల దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. డిక్కీలో పడుకున్న స్టెప్నీ వయసు కూడా ఓసారి చూడండి. పాపం, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

గోడ మీది రాత

క్రెటాలో 17 అంగుళాల చక్రాలున్న వేరియంట్లనే తీసుకుందాం. టైరు మీద 215/60 ఆర్17 అని ఉంటుంది. 215 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం. ఆర్ అంటే రేడియల్. 17 అంటే రిమ్ము సైజు, అంగుళాల్లో.

దాని పక్కన 96హెచ్ లాంటిది ఇంకోటి ఉంటుంది. చాలామంది వదిలేసేది దీన్నే. 96 అంటే ఆ టైరు 710 కిలోలు మోయగలదని. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. "మనం అంత స్పీడ్ పోం కదా" అనకండి. ఈ రెండూ టైరు వేడిని, బరువును ఎంత తట్టుకుంటుందో చెప్పే లెక్కలు. మే నెల ఎండలో ఏడుగురితో వెళ్లేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కంపెనీ ఇచ్చిన అంకె కన్నా ఎక్కువది వేసుకోవచ్చు, తక్కువది మాత్రం వద్దు.

హెచ్‌టీనా, ఏటీనా?

ఎస్‌యూవీ అనగానే మనసు పెద్ద పెద్ద బటన్లున్న ఏటీ టైర్ల మీదికి పోతుంది. చూడ్డానికి మాస్‌గా ఉంటాయి, కాదనం. మట్టిలో, రాళ్లలో బాగా పనిచేస్తాయి కూడా. పొలానికో, క్వారీకో, అడవి దారుల్లోకో తరచూ వెళ్లేవాళ్లకి అవే కరెక్ట్. కానీ మీ బండి తిరిగేది ఇంటి నుంచి ఆఫీసుకి, పండక్కి ఊరికీ అయితే? తారు రోడ్డు మీద ఏటీ టైర్లకి చప్పుడెక్కువ, మైలేజ్ తక్కువ. తడి రోడ్డు మీద ఆగడానికి ఇంకాస్త దూరం కూడా కావాల్సి రావచ్చు. ఏడాదికి రెండుసార్లు చేసే ఆఫ్‌రోడ్ కోసం మిగతా రోజులన్నీ ఆ మోత భరించాలా? రోడ్డు కోసం చేసిన హెచ్‌టీ టైర్లే చాలు.

లావువి వేస్తే?

"ఒక సైజ్ పెంచు బ్రో, లుక్ అదిరిపోద్ది" అనే ఫ్రెండ్ ప్రతి గ్యాంగ్‌లో ఒకడుంటాడు. లెక్క చూద్దాం. 215/60 ఆర్17 టైరు మొత్తం ఎత్తు సుమారు 690 మిల్లీమీటర్లు. దాని బదులు 225/65 ఆర్17 వేస్తే 724 అవుతుంది. అంటే 5 శాతం పెద్దది. ఇదివరకు మీటర్ 100 చూపించినప్పుడు ఉన్న వేగం కంటే ఇప్పుడు అదే 100 దగ్గర 5 శాతం ఎక్కువ వేగంతో వెళ్తుంటారు, మీకు తెలియకుండానే. పికప్ తగ్గుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు. వారంటీ దగ్గర పేచీ వచ్చినా రావచ్చు. మొత్తం ఎత్తులో తేడా 3 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. అసలు తేడానే లేకపోతే ఇంకా మంచిది.

రెండింటికే డబ్బులుంటే?

నాలుగూ ఒకేసారి మార్చడం అందరికీ కుదరదు. రెండే కొన్నప్పుడు షాపులో దాదాపు ఎప్పుడూ ముందు చక్రాలకే బిగిస్తారు. ఇంజిన్ లాగేది ముందే కదా అని. అది తప్పు. కొత్తవి వెనక్కే వేయించాలి.

ఎందుకంటే వానలో ముందు టైర్లు పట్టు తప్పితే బండి మలుపు తిరక్కుండా నేరుగా పోబోతుంది. స్టీరింగ్ తేలికైపోవడం చేతికి తెలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే వేగం తగ్గి మళ్లీ పట్టు దొరికే అవకాశం ఉంది. వెనక టైర్లు పట్టు తప్పితే మాత్రం బండి గిర్రున తిరుగుతుంది. దాన్ని అదుపు చేయడం బాగా అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే. మిగిలిన పాత టైర్లు బాగున్నవి చూసి ముందుకు మార్పించండి.

నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండి అయితే ఈ సర్దుబాటు కూడా కుదరదు. కొత్త, అరిగిన టైర్ల మధ్య సైజు తేడా వల్ల లోపలి గేర్ల మీద భారం పడుతుంది. నాలుగూ కలిపే మార్చుకోవాలి.

షాపులో అడగాల్సినవి

2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి పాత రేటు గుర్తు పెట్టుకుని బేరమాడకండి. కనీసం మూడు షాపుల్లో ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్, కొత్త వాల్వ్‌లు, అలైన్‌మెంట్ అన్నీ కలిపి ఎంతో అడగండి. టైరు చవగ్గా చెప్పి వీటిలో లాగేవాళ్లుంటారు.

బిగించే ముందే తయారీ వారం చూడండి. ఆర్నెల్ల లోపుదైతే బేఫికర్. రెండేళ్ల నాటిదైతే వేరేది తెమ్మనండి. ఐఎస్ఐ మార్క్ ఉందో లేదో చూసుకోండి. టైర్ల నంబర్లు రాసిన బిల్లు తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.

పాతవి పారేసే ముందు అవి ఎలా అరిగాయో కూడా చూడండి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ పెట్టారని. మధ్యలోనే అరిగితే ఎక్కువ పెట్టారని. ఒకపక్కే అరిగితే అలైన్‌మెంట్ పోయిందని. ఆ తప్పు సరిచేయకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే పోతాయి.

ఇక గాలి. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంత పెట్టాలో ఉంటుంది. ఫుల్ లోడ్‌కి వేరే అంకె ఉంటుంది, అదీ చూడండి. బండి చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. "ఎండాకాలం కదా, తగ్గించి పెట్టు" అనడం పెద్ద పొరపాటు. గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలిగి, ఇంకా వేడెక్కుతుంది. హైవేల మీద టైరు పేలడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. నైట్రోజన్ పెట్టిస్తే మంచిదే కానీ తప్పనిసరేం కాదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నెలకోసారి చెక్ చేయించడం అంతకన్నా ముఖ్యం.

సాయంత్రం బండి తీసే ముందు రెండు నిమిషాలు వంగి ఆ నాలుగు అంకెలు చదవండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. స్టెప్నీది కూడా!