ఫ్రేముకి అవతలి పడవ

"అన్నా! మేం నలుగురం దోస్తులం. సూర్యాపేట ఒకడు, కోదాడ ఇద్దరు, మిర్యాలగూడ ఒకడు. ఇద్దరు కూర్చునే కెనూ ఒకటి సంపాదించాం. సంక్రాంతి సెలవుల్లో నీళ్ళలో దిగుదామని ప్లాను. ఏమేం సర్దుకోవాలో చెప్పు" అని ఈ వారం ఒక ఉత్తరం. అడుగున, సంతకాల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క: "మాలో ఇద్దరికి ఈత రాదు." అసలు కథెప్పుడూ చిన్నక్షరాల్లోనే ఉంటుంది కదా!

తమ్ముళ్ళూ, మనకి పడవంటే ముందు వెండితెరే. 'మూగమనసులు' (1964)లో పడవవాడు గోపిగా అక్కినేని, 'అందాల రాముడు' (1973)లో గోదారి మీద లాంచీ, 2006లో వచ్చిన 'గోదావరి'. అవి చూశాక నీళ్ళ మీద మనసు పోనివాడు మనిషే కాదు. ఒప్పుకుంటాను. కానీ ఎప్పుడైనా ఇది ఆలోచించారా? నది నడుమ నాయికా నాయకులిద్దరే ఉన్నారు. మరి వాళ్ళని అంత దగ్గర్నించి చిత్రీకరించిందెవరు? కెమెరా నీళ్ళ మీద నిలబడదుగా! అది ఇంకో పడవలో ఉంటుంది. అందులో కెమెరామన్, అసిస్టెంటు, తెడ్డు పట్టుకున్న స్థానికుడు. హీరో కాలు జారితే చెయ్యి అందించడానికి మనుషులున్నారన్నమాట. ఫ్రేములో కనబడరంతే. మీ ట్రిప్పులో లేనిది సరిగ్గా ఆ రెండో పడవే. మీరు సర్దుకోవలసిన మొదటి సామాను అది.

మాటవరసకి అనడం లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు, ఒడ్డు ఊళ్ళవాళ్ళు తమ పడవలేసుకుని వెళ్ళి ఇరవై మందికి పైగా బయటికి లాగారు. రెండో పడవ ముందే పక్కన ఉంటే ఇంకెందరు దక్కేవారో! అంతకు ముందు, 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో బోల్తా పడిన బోటులో లైఫ్ జాకెట్లే వేసుకోలేదు. ఇరవై మందికి పైగా పోయారు. అది కూడా మన కృష్ణే, మట్టపల్లికి దిగువన.

ఇక ఎక్కడ దిగాలి? మీరు మూడు చోట్లు రాశారు. సాగర్ ఎడమ కాలువ మాత్రం వద్దు. మిర్యాలగూడ, కోదాడ వైపు పోయే ఆ కాలువ చూస్తే చెరువులా నిమ్మళంగా ఉంటుంది. అదే మోసం. సిమెంటు చేసిన వాలు గట్లు, వాటి మీద పాచి. పడ్డవాడికి పట్టుకునేందుకు గడ్డిపరక కూడా దొరకదు. గజఈతగాడైనా గట్టెక్కలేడు. తూముల దగ్గర నీరు లోపలికి లాగేస్తుంది. పైగా నీళ్ళు ఎప్పుడు వదిలేదీ మిమ్మల్ని అడిగి వదలరు.

మూసీ ప్రాజెక్టు, అంటే సూర్యాపేట దగ్గరిది, సాధనకి మేలు. నీటిపారుదల శాఖవాళ్ళని అడిగి, గేట్లకి ఎంతో దూరంగా, ఒడ్డు పక్కనే తిరగండి. గేట్లకి దూరమని ఎందుకు అంటున్నానో తెలుసా? 2019 అక్టోబరులో ఈ ప్రాజెక్టు గేటు ఒకటి, 2021 ఆగస్టులో పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయాయి. ఆ వేళ గేటు ముందు కెనూ ఉంటే దాని పేరు చెప్పుకునేవాడు కూడా మిగలడు. ఇంకొకటి, మూసీ హైదరాబాదు మురుగు మోసుకొస్తుంది. ఆ నీళ్ళు నోట్లో పొయ్యనివ్వకండి. కాలికి గాయమైతే ఇంటి నీళ్ళతో కడగండి.

చేతులు కుదిరాక అప్పుడు కృష్ణ. మూసీ వచ్చి కలిసే వాడపల్లి, లేదా మట్టపల్లి. అక్కడ పుట్టి వేసే జాలరన్న ఒకరితో ముందుగా మాట్లాడుకోండి. ఆ రోజుకి కూలి ఇచ్చి, మీ పక్కన పుట్టి నడపమనండి. రాయెక్కడ, వలెక్కడ, సుడెక్కడ అన్నది ఆయన కళ్ళు మూసుకుని చెబుతాడు. మీ నలుగురిలో ఇద్దరు కెనూలో, ఇద్దరు ఆయన పుట్టిలో. వంతులు మార్చుకోవడం ఒడ్డు మీదే, నీళ్ళ మధ్య కాదు. వెదురుతో అల్లిన పుట్టి గిర్రున తిరుగుతుందేగాని తొందరగా తిరగబడదు. కెనూ అలా కాదు, సన్నం. సెల్ఫీకని లేచి నిలబడ్డారో, ఇంటర్వెల్ కాకుండానే శుభం కార్డు!

ఇక సామాన్లు. అన్నిటికన్నా ముందు లైఫ్ జాకెట్, పుట్టిలో ఉన్నవాళ్ళతో సహా తలకొకటి. దాని మీద సంఖ్య చూసి తీసుకోండి. 50 న్యూటన్లు అని ఉంటే ఈత వచ్చినవాడికి. రాని ఇద్దరికీ 100కి తక్కువ వద్దు. తొడుక్కుని బకిల్సు పెట్టాక స్నేహితుడిని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాటి చెవులదాకా లేచిందా, అది మీది కాదు, మీ అన్నయ్యది. స్విమ్మింగ్ పూల్లో పిల్లలకి తొడిగే గాలి ట్యూబులు దీనికి బదులు కావు. ఉక్కపోస్తోందని విప్పి ఒళ్ళో పెట్టుకోవడం అసలే వద్దు. నీళ్ళలో పడ్డాక తొడుక్కోవడం పెద్ద ఈతగాడి వల్ల కూడా కాదు.

జాకెట్టుకే ఒక విజిల్ కట్టండి. మూడుసార్లు ఊదితే 'ఆపదలో ఉన్నా' అని అర్థం. థియేటర్లో హీరో ఎంట్రీకి ఊదే ఈల అలవాటుగా ఇక్కడ ఊదకండి! ఇరవై మీటర్ల తేలే తాడు పుట్టిలో ఉండాలి, కెనూలో కాదు. విసిరేవాడు అక్కడుంటాడు కనక. అదనంగా ఒక తెడ్డు. అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా ఒకటి, నీళ్ళు తోడి పోయడానికి. ఫోను, మాచీలు, పొడి లుంగీ రెండు పాలిథిన్ సంచుల్లో ఒకదాన్లో ఒకటి మూట గట్టి, మూతి బిగించి పడవకి కట్టేయండి. నీళ్ళలోకి లుంగీ, జీన్సు, చున్నీ వద్దు. నిక్కరు, కాన్వాస్ బూట్లు మేలు. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, టోపీ.

బరువంతా కెనూ నడుమ, అడుగున. మనుషులెక్కాక పడవ అంచు నీటికి జానెడు పైన ఉండాలి. లేకపోతే టిఫిను డబ్బా దింపేయండి, మొహమాటం వద్దు.

బోల్తా పడితే? ఒడ్డు దగ్గరేగా అని ఈదకండి. పడవని పట్టుకోండి, అది తేలుతుంది. వాలు ఉన్నచోట పడవకి ఎగువన ఉండాలి, దిగువనుంటే రాయికీ పడవకీ మధ్య నలిగిపోతారు. చెయ్యి జారిపోతే వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకి పెట్టి కొట్టుకుపోండి. తల కన్నా కాళ్ళు రాయికి తగలడం నయం.

బయల్దేరే ముందు ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి: ఎక్కడ దిగుతున్నాం, ఎవరి పుట్టి తోడు, ఎన్నింటికి తిరిగొస్తాం, అప్పటికి రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అమ్మకి చెప్పడానికి భయమైతే అక్కకి చెప్పండి. 112 నంబరు కూడా రాయండి. జనవరిలో ఆరింటి వేళకే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. తెల్లారి దిగి, నాలుగింటికల్లా ఒడ్డెక్కాలి.

జాలరన్నకి కూడా కాస్త పులిహోర తీసుకెళ్ళండి. కూలి సంగతి ముందే మాట్లాడుకోండి. మధ్యాహ్నానికి గాలి మారిందని ఆయన అంటే, బేరం ఆడకుండా తిరగండి.